మోచేతి లోతు మంచు

మర్జాన్ సంచిలో కలీమా నాలుగో జత ఉన్ని మేజోళ్ళు కుక్కింది. మర్జాన్ వాటిని తీసి మంచం మీద పడేసింది. కలీమా మళ్ళీ కుక్కింది. ఈసారి ఆ మేజోళ్ళ లోపల గుప్పెడు ఎండు పెరుగు ఉండలు కూడా దాచింది.

"ఆజే, ఫిన్లాండులో కూడా మేజోళ్ళు అమ్ముతారు."

"అమ్మనీ. వాళ్ళ గొర్రెలు వాళ్ళవి, మన గొర్రెలు మనవి."

"విమానంలో ఇరవై మూడు కిలోలే ఒప్పుకుంటారు. నా బూట్లే తొమ్మిది కిలోలు."

"అయితే బూట్లు మానెయ్యి."

మర్జాన్ నవ్వింది. నవ్వుతూనే వంగి ఎడమ మోకాలి పట్టీ బిగించుకుంది. ఆ పట్టీ కనబడ్డప్పుడల్లా కలీమా చూపు వేరే వైపు తిప్పుకుంటుంది. ఇప్పుడు కిటికీ వైపు తిప్పుకుంది. అక్టోబరు వచ్చేసింది. కొండ నెత్తి మీద సన్నగా తెల్లబడింది.

మర్జాన్‌కి ఇరవై ఏళ్ళు. ఇంటికి తొలి మనవరాలు కాబట్టి, నలభయ్యో రోజు గడవగానే కన్నవాళ్ళు ఆచారం ప్రకారం కలీమా ఒళ్ళో పెట్టేశారు. వాళ్ళు కాస్పియన్ సముద్రం ఒడ్డున అక్తావులో ఉంటారు. మర్జాన్ కన్నతండ్రిని అన్నయ్యా అంటుంది. నానమ్మని ఆజే అంటుంది. ఆ పిలుపులోనే ఆ పిల్లకి అమ్మా ఉంది, నాన్నా ఉన్నాడు.

తొమ్మిదో ఏట నుంచి ఆ పిల్ల చేసే పని ఒకటే. స్కీల మీద జారుకుంటూ వచ్చి, రెండు నిలువుల మంచు గట్టు మీంచి గాల్లోకి లేచి, మొగ్గలు వేసి, మెలికలు తిరిగి, కింద వాలు మీద రెండు కాళ్ళతో నిలబడటం. ఆడపిల్లల్లో చాలామంది రెండు మొగ్గలతో సరిపెట్టుకుంటారు. మూడు వేసేవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మర్జాన్ మూడు వేయగలదు. వేయగలిగేది, మొన్న మార్చి దాకా.

కలీమా పని కూడా ఆ కొండ మీదే. కుర్రతనంలో తల్గర్ దగ్గర బీటు దుంపల పొలాల్లో పారపట్టిన మనిషి. మొగుడు పోయాక కొండ మీద పనికి వచ్చింది. పాతికేళ్ళుగా దిగుడు వాలుని గుల్ల చేసే పనివాళ్ళకి ఆవిడే పెద్ద. మంచు రాత్రికి రాత్రి గడ్డకడితే రాయి అవుతుంది. ఆ రాయి మీద నాలుగంతస్తుల ఎత్తు నుంచి పడితే ఎముకలు మిగలవు. అందుకని ఆరుగురు వరసకట్టి, పారలతో మంచుని పొడిచి, తిరగేసి, పొడి చేస్తారు. ఆ పైన ఫర్ చెట్ల రెమ్మలు చల్లుతారు. అవి లేకపోతే తెలుపులో తెలుపు కలిసిపోయి, గాల్లో ఉన్నవాళ్ళకి నేల ఎక్కడుందో తెలియదు.

మొన్న మార్చిలో సొంత కొండ మీద ప్రపంచ కప్పు పోటీ జరిగింది. మర్జాన్ మొదటిసారి పోటీలో మూడు మొగ్గలు వేయబోతోంది. కలీమా పనివాళ్ళని టీకి పంపింది. అంతా సరిగ్గానే గుల్ల అయింది. కానీ మనవరాలు ఏ చోట దిగుతుందో నానమ్మకి తెలుసు. రోజూ చూస్తున్న చోటే కదా. ఆ చాపంత మేర దగ్గర ఒక్కతే నిలబడి మళ్ళీ పొడిచింది, మళ్ళీ తిరగేసింది. పసిపిల్ల పరుపులో దూది దులిపినట్టు దులిపింది. బీటు దుంపకి నేల ఎంత గుల్లగా ఉంటే అంత మంచిది. స్కీకి అలా కాదు. మర్జాన్ మూడు మొగ్గలూ చక్కగా వేసింది. నిటారుగా దిగింది. స్కీల ముందు కొసలు ఆ మెత్తటి మంచులో పూడుకుపోయాయి. ఒళ్ళు ముందుకు పోయింది, మోకాలు వెనక ఉండిపోయింది.

మొదట పరిగెత్తి వచ్చింది శిక్షకుడు రోబెర్ట్ ఖెగాయ్. పిల్ల పక్కన కూర్చుని, మంచులో చెయ్యి పెట్టాడు. మోచెయ్యి దాకా దిగిపోయింది. తలెత్తి, పైన పారతో నిలబడ్డ కలీమాని చూశాడు. పోటీ అధికారులు వచ్చేలోగా బూట్లతో ఆ చోటంతా తొక్కి చదును చేసేశాడు.

"బయల్దేరే గుర్తు నేనే పైకి పెట్టాను," అన్నాడు అందరితో. "వేగం ఎక్కువైంది. తప్పు నాది."

స్ట్రెచర్ మీద ఉన్న మర్జాన్ ఆ మాట వింది. కలీమా కూడా వింది. ఏడు నెలలుగా కలీమా తేలు కుట్టిన దొంగలా ఉంది.

బయట వ్యాను హారను మోగింది. కలీమా పెనం మీంచి దించిన రొట్టె తెచ్చి మనవరాలి నోటి ముందు పెట్టింది. దూరం వెళ్ళేవాళ్ళు ఒక ముక్క కొరికి పోవాలి. మిగిలింది తెల్ల గుడ్డ సంచిలో గుమ్మం పైన మేకుకి వేలాడుతుంది. వెళ్ళినవాళ్ళు వచ్చి దాన్ని పూర్తి చేయాలి. ఇంకొకరు ముట్టకూడదు.

మర్జాన్ పెద్ద ముక్క కొరికింది. బుగ్గ ఉబ్బింది.

"ఏంటే, ఒంటెలా! కొంచెం కొరికితే చాలు."

"ఎంత పెద్దది కొరికితే వచ్చాక అంత తక్కువ తినాలి. మూడు నెలలు ఎండిన రొట్టె ఆజే అది. నువ్వు తిని చూడు ఒకసారి."

రోబెర్ట్ లోపలికి వచ్చాడు. అరవై దాటినవాడు, పొట్టిగా, గట్టిగా ఉంటాడు. ముఖం ఎండకీ మంచుకీ తోలు చెప్పులా అయిపోయింది. చేతిలో ఎప్పట్లాగే కారపు కేరట్ కోరు సీసా. ఆయన పూర్వీకులది కొరియా, వాళ్ళ ఇళ్ళల్లో అది లేనిదే ముద్ద దిగదు. భార్య పోయాక ఆయనే చేసుకుంటాడు.

"రోబెర్టూ, నువ్వూ కొరుకు," అంది కలీమా.

"నావి కట్టుడు పళ్ళక్కా. రొట్టెలో ఇరుక్కుని ఇక్కడే ఉండిపోతాయి. నేనక్కడ మూడు నెలలు గంజి తాగి బతకాలి."

"పదకొండేళ్ళుగా ఇదే మాట."

"పదకొండేళ్ళుగా తిరిగి వస్తూనే ఉన్నాగా?"

మర్జాన్ నవ్వలేదు. సంచి తీసుకుని వెళ్ళి వ్యానులో వెనక సీట్లో కూర్చుంది. ఇదివరకు ఎప్పుడూ ముందు సీటే. ఆయన పక్కనే కూర్చుని, దారి పొడుగునా పాటలు మారుస్తూ ఆయన చేత తిట్లు తినేది.

గేటు దగ్గర కలీమా ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది.

"చెప్పేస్తాను రోబెర్టూ. నా వల్ల కావట్లేదు."

"చెప్పి?"

"నిన్ను చూస్తే ముఖం తిప్పుకుంటోంది. పాపం చేసింది నేను, అనుభవించేది నువ్వు."

"తిప్పుకోనీ అక్కా. శిక్షకుడంటే ఇంకొకడు దొరుకుతాడు ఆ పిల్లకి. నానమ్మ ఇంకొకతె దొరకదు." సీసా ఆవిడ చేతిలో పెట్టాడు. "ఉప్పు ఎక్కువైంది ఈసారి. తిట్టుకోకుండా తిను."

వ్యాను మలుపు తిరిగింది. ఆ రోజు కలీమా ఇల్లు ఊడవలేదు. బయల్దేరినవాళ్ళు చేరేదాకా ఊడవకూడదు.

*

డిసెంబరు మొదటి వారం ఫిన్లాండులో పోటీ. కలీమా ఫోను గోడకి ఆనించి పెట్టి, టీ కప్పు ముందు పెట్టుకుని చూసింది. తెర మీద మర్జాన్ గట్టుకి పైన ఎక్కడో చుక్కలా ఉంది. రోబెర్ట్ గట్టు పక్కన నిలబడి ఉన్నాడు. ఎర్ర టోపీ. ఎక్కడి నుంచి జారాలో చెప్పేది ఆయన. గాలి ఎటుందో, మంచు ఎంత జారుడుగా ఉందో చూసి, ఇక్కడి నుంచి అని చెయ్యి చూపిస్తాడు. పిల్ల అక్కడి నుంచే బయల్దేరాలి. గాల్లో ఉన్నప్పుడు, ఒళ్ళు సాగదీయాలో ముడుచుకోవాలో అరిచి చెప్పేది కూడా ఆయనే. తలకిందులుగా ఉన్న మనిషికి ఆ గొంతు ఒక్కటే దిక్కు.

రోబెర్ట్ చెయ్యి చూపించాడు. మర్జాన్ అక్కడ ఆగలేదు. అయిదడుగులు కిందికి దిగి, అక్కడి నుంచి జారింది.

వేగం చాల్లేదు. రెండు మొగ్గలకే ఎత్తు చాలక, వాలు పైభాగాన కుదురు లేకుండా పడింది. ఇరవై ఒకటో స్థానం. తర్వాత చైనాలో కూడా అంతే. అక్కడ ఇరవై నాలుగు.

నూతన సంవత్సరానికి ఇంటికి వచ్చింది. గుమ్మం దగ్గరే బూట్లు విప్పి, మేకు మీంచి సంచి దించుకుంది. ఎండిన రొట్టెని పాల టీలో నానబెట్టుకుని, ముఖం చిట్లించుకుంటూ అంతా తింది.

"ఇదుగో. వచ్చేశా. ఇక నీ ప్రాణం కుదుటపడిందా?"

"పడింది."

"ఆజే, ఒక మాట. స్కీ సమాఖ్యకి ఉత్తరం రాసిచ్చా. జనవరి నుంచి మాస్టారితో చేయను. కొత్తాయన్ని ఇస్తామన్నారు."

కలీమా చేతిలో కెటిల్ ఉంది.

"ఆయనకి చెప్పావా?"

"ముఖాన్నే చెప్పా. 'మీరు చెయ్యి చూపిస్తుంటే నా మోకాలు వణుకుతోంది మాస్టారూ' అన్నా. నిజమే కదా? ఆయన చూపించిన చోటి నుంచి బయల్దేరే కదా ఇలా అయింది? పై నుంచి చూస్తుంటే ఆ చెయ్యి నన్ను మళ్ళీ అక్కడికే పంపిస్తున్నట్టుంటుంది. ఇక మూడు మొగ్గలెక్కడ? రెండే రావట్లేదు. ఈ సీజను ఇలాగే పోతే నన్ను తీసేస్తారు."

"ఆయనేమన్నాడు?"

"'సరేలే బంగారం, జాగ్రత్త' అన్నాడు." మర్జాన్ కప్పులో అడుగున మిగిలిన రొట్టె ముక్కని వేలితో కదిపింది. "తిట్టి ఉంటే బాగుండేది."

చెప్పాలి. ఇప్పుడు చెప్పాలి. కలీమా నోరు తెరిచింది. తెరిచాక కళ్ళ ముందు అక్తావుకి పోయే రైలు కనబడింది. అక్కడ కన్నవాళ్ళున్నారు. రెండు గదుల ఇల్లుంది. నా కాలు విరగ్గొట్టింది నువ్వా అని, ఈ పిల్ల ఇదే సంచి సర్దుకుని అటు వెళ్ళిపోతే? వెళ్ళినవాళ్ళంతా తిరిగి రారని కలీమాకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఎనభై రెండులో తమ్ముడు సగిందిక్ రొట్టె కొరికి సైన్యానికి వెళ్ళాడు. అప్పుడు నవ్వుతూ, పేద్ద ముక్కే కొరికాడు. ఆ రొట్టె ఇవాళ్టికీ కలీమా పెట్టె అడుగున గుడ్డలో ఉంది. తడితే రాయిలా మోగుతుంది.

"ఇంకాస్త టీ పోయనా?" అంది.

జనవరి పదిన మర్జాన్ కొత్త రొట్టె కొరికి, కొత్త శిక్షకుడితో కెనడా వెళ్ళింది.

*

ఫిబ్రవరిలో రోబెర్ట్ వచ్చాడు. సీసా తెచ్చాడు. చిన్నపిల్లల జట్టుని స్విట్జర్లాండు తీసుకెళ్తున్నాడట. మర్నాడే ప్రయాణం. పన్నెండేళ్ళవాళ్ళు, పదమూడేళ్ళవాళ్ళు.

"ముక్కు తుడవటం దగ్గర్నుంచి నేర్పాలి," అన్నాడు కూర్చుంటూ. "మళ్ళీ మొదటికొచ్చా. హాయిగా ఉందిలే. నేను చెయ్యి చూపిస్తే చాలు, కుక్కపిల్లల్లా అక్కణ్ణుంచే దూకుతారు."

హాయిగా లేడని కలీమాకి తెలుస్తూనే ఉంది. చిక్కిపోయాడు. మెట్లెక్కి వచ్చినందుకే ఆయాసపడుతున్నాడు.

"డాక్టరు దగ్గరకి వెళ్ళావా?"

"వెళ్ళా. కొండలెక్కొద్దన్నాడు. కొండలెక్కొద్దంటే నేను చేపలు పట్టుకోవాలా అన్నా. పట్టుకోండి అన్నాడు." నవ్వాడు. "అక్కా, పోటీ మార్చి పద్నాలుగున. మళ్ళీ మన కొండ మీదే. పారపట్టేది నువ్వేగా?"

"ఈసారి పట్టను. వేరేవాళ్ళకి ఇచ్చేస్తా."

"ఎందుకు?"

"నా చేతుల మీద నాకే నమ్మకం లేదు."

రోబెర్ట్ లేచి పెరట్లోకి దారి తీశాడు. అక్కడ మంచు మోకాలి ఎత్తున పేరుకుని ఉంది. పార తెమ్మన్నాడు. కలీమా పొడిచింది. ఆయన చొక్కా చెయ్యి పైకి మడిచి, అరచెయ్యి చాపి మంచులో దించాడు.

"ఇది చూడు. మణికట్టు దాటి, ముంజేతి సగం దాకా దిగింది. అక్కడ ఆగిందా? అది చాలు. అక్కడ ఆగకపోతే ఎక్కువ. మణికట్టు దగ్గరే ఆగితే తక్కువ. మోచెయ్యి దాకా పోయిందనుకో, అది ప్రేమ." చెయ్యి దులుపుకున్నాడు. "మంచు గుల్ల చేసేటప్పుడు ప్రేమ పనికిరాదక్కా. కొలత చాలు. మిగతా ఎవరికైనా ఎలా చేస్తావో దానికీ అలాగే చెయ్యి."

కలీమా ఆ చేతి గుంటలో తన చెయ్యి పెట్టి చూసింది.

"దానికి నేను చెప్పేస్తాను రోబెర్టూ. నువ్వు అడ్డం పడకు."

ఈసారి ఆయన అడ్డం పడలేదు. "చెప్తే నీ మీద కోప్పడుతుంది," అన్నాడు, అంతే. మళ్ళీ తనే, "కోప్పడనీలే. కోపం ఉన్నవాళ్ళు బాగా ఎగురుతారు. భయం ఉన్నవాళ్ళే ఎగరలేరు," అన్నాడు.

పొద్దున్నే వ్యాను గేటు ముందు ఆగింది. లోపల పిల్లలు గోల. కలీమా అలవాటు కొద్దీ రొట్టె తెచ్చింది. కట్టుడు పళ్ళ మాట కోసం ఎదురుచూసింది. రోబెర్ట్ టోపీ తీసి, రొట్టె రెండు చేతుల్లోకి తీసుకుని, జాగ్రత్తగా ఒక మూల కొరికాడు. నమిలాడు. మింగాడు.

"పళ్ళు ఊడలేదే!" అన్నాడు. "పదకొండేళ్ళు అనవసరంగా పస్తున్నా. దాచిపెట్టక్కా. వచ్చి నీ టీలో ముంచుకు తింటా."

*

కెనడాలో పొద్దున్న, ఇక్కడ సాయంత్రం. మర్జాన్ మంచం మీద కూర్చుని జుట్టు దువ్వుకుంటూ మాట్లాడుతోంది. అక్కడ పద్దెనిమిదో స్థానం వచ్చింది. కొత్తాయన మంచివాడే, కానీ గొంతు సరిపోదు, గాల్లో ఏమీ వినబడదు అంది.

"మర్జాన్, దువ్వెన పక్కన పెట్టు. ఒక మాట చెప్పాలి."

"ఏంటి ఆజే, భయపెట్టేస్తున్నావు. ఒంట్లో బాలేదా?"

"మీ మాస్టారు గుర్తు సరిగ్గానే పెట్టాడు. వేగం సరిగ్గానే ఉంది." కలీమా ఆపితే మళ్ళీ చెప్పలేనని, ఆపకుండా చెప్పుకుపోయింది. "మంచు మెత్తబరిచింది నేను. అందర్నీ టీకి పంపించి, నువ్వు దిగే చోట ఇంకో రెండుసార్లు పొడిచాను. ఎవరికీ చెప్పకుండా. నీకు దెబ్బ తగలకూడదని. మోచెయ్యి లోతు దిగింది ఆయన చెయ్యి. ఆయనకి తెలుసు. నాకోసం తన మీద వేసుకున్నాడు. నేను నోరు మూసుకు కూర్చున్నాను. పది నెలల పైన అయింది."

మర్జాన్ ఫోను ముఖానికి దగ్గరగా లాక్కుంది.

"నువ్వా?" అంది మర్జాన్.

"నేనే."

"నేను ఆయన ముఖం మీద అన్న మాటలు తెలుసా నీకు? ఉత్తరం రాసిచ్చానని నీకు చెప్పినప్పుడు టీ పోయనా అన్నావు. టీ పోయనా అన్నావు ఆజే!"

తెర నల్లబడింది.

తొమ్మిది రోజులు ఫోను రాలేదు. కలీమా పొద్దున్నే లేచి, కొండ మీదకి పనికి పోయి, వచ్చి, ఫోను గోడకి ఆనించి ఎదురుగా కూర్చునేది. అక్తావు నుంచి కొడుకు ఫోను చేస్తే, పిల్ల అక్కడికి చేరిందేమో అనుకుంది. తీరా వాడు అడిగింది బంగాళాదుంపల గురించి. గుమ్మం పైన రెండు సంచులు పక్కపక్కన వేలాడుతున్నాయి. ఏది ఎవరిదో మర్చిపోకుండా రోబెర్ట్ సంచికి ఎర్ర దారం కట్టింది.

పదో రోజు మోగింది. మర్జాన్ కాదు, రోబెర్ట్.

"అక్కా! నీ మనవరాలు ఫోను చేసింది. నలభై నిమిషాలు తిట్టింది."

"నిన్నా?"

"నన్నే. ఎందుకు అబద్ధమాడారు, నన్ను పిచ్చిదాన్ని చేశారు, ఏడాది నాశనం చేశారు, ఇంకా ఏవేవో. తిట్టీ తిట్టీ ఏడ్చింది. ఏడ్చాక, మూడు మొగ్గలకి మన కొండ మీద ఎక్కడి నుంచి బయల్దేరాలి అని అడిగింది." ఆయన గొంతు నవ్వుతో ఊగుతోంది, మధ్యలో దగ్గు. "చెప్పా. కంచెకి ఏడో స్తంభం నుంచి రెండు అడుగులు కిందికి. గాలి ఎదురుగా ఉంటే సరిగ్గా ఏడో స్తంభం దగ్గరే. రాసుకో అన్నా. రాసుకుంది. నేను పన్నెండో తారీఖుకల్లా వచ్చేస్తా. పద్నాలుగున గట్టు పక్కన నిలబడేది నేనే. కొత్తాయనతో కూడా మాట్లాడేసింది."

"నా మాటేమైనా...?"

"నీ మాట ఎత్తితే మళ్ళీ ఏడ్చింది. అంటే ఫరవాలేదన్నమాట. నువ్వు పార పదును పెట్టుకో."

*

మార్చి పదిన మర్జాన్ ఇంటికి వచ్చింది. సంచి గుమ్మం దగ్గర దించింది. బూట్లు విప్పలేదు. మేకు వైపు చూడలేదు. నానమ్మ భుజం మీద తల పెట్టి అలాగే నిలబడిపోయింది. రోబెర్ట్ కబురు ఇద్దరికీ ముందు రోజే తెలిసింది. పిల్లలతో పాటు వెళ్ళిన నర్సు చేసింది ఫోను.

"ఆయన కూతురు వచ్చిందట జర్మనీ నుంచి," అంది కలీమా. "అక్కడికే తీసుకెళ్తుందట. మట్టి అక్కడే, తన దగ్గరే అందట."

"మళ్ళీ మాట్లాడదామనుకున్నా. సారీ చెప్పలేదు ఆజే. తిట్టా గానీ సారీ చెప్పలేదు."

"స్తంభం అడిగావుగా. ఆయనకి అది చాలు."

మర్జాన్ ముక్కు తుడుచుకుంది. "నిన్ను ఇంకా క్షమించలేదు."

"వద్దులే. తీరిగ్గా."

"ఎప్పటికో చెప్పలేను."

"నేనెక్కడికీ పోవట్లేదు."

రాత్రి భోజనాల దగ్గర కలీమా అసలు మాట అంది. "పద్నాలుగున పార నేను పట్టను. కుర్రాళ్ళు చేస్తారు. నువ్వు రెండు మొగ్గలే వెయ్యి. ఆయన లేకుండా మూడెందుకు?"

మర్జాన్ చెంచా కింద పెట్టింది. "ఆజే, ఈ పోటీలో మూడు వేయకపోతే వచ్చే ఏడు జట్టులో ఉండను. అది అలా ఉంచు. గట్టు పక్కన ఆయన లేడు. కింద నువ్వు కూడా లేకపోతే నేను ఎవర్ని చూసి దూకాలి?" తల దించుకుని అంది. "నువ్వే చెయ్యాలి. ఆయన చెప్పిన కొలతకి చెయ్యాలి. నాకని చెయ్యకు."

పద్నాలుగున పొద్దున ఎండ కాసింది. మధ్యాహ్నానికి మబ్బు పట్టింది, మంచు పైపొర బిగిసింది. పోయిన ఏడాది కూడా ఇంతే. కలీమా ఆరుగురిని వరసకట్టించి, తనూ వరసలో నిలబడింది. పై నుంచి కిందికి వాలంతా పొడిచారు, తిరగేశారు. ఆ చోటికి వచ్చేసరికి చేతులు వాటంతట అవే బరువు పెంచబోయాయి. పార ఆపింది. చేతి తొడుగు తీసింది, అరచెయ్యి చాపి దించింది. మణికట్టు దాటింది, ముంజేతి సగంలో ఆగింది.

"అక్కా, ఇక్కడ ఇంకోసారి కొట్టనా?" అన్నాడు పక్కనున్న పనివాడు. "మన పిల్ల దిగేది ఇక్కడేగా."

"ముట్టుకుంటే చేతులు విరగ్గొడతా. రెమ్మలు చల్లు."

అందరితో పాటు టీకి కిందికి దిగిపోయింది. వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే మళ్ళీ ఎక్కుతానని తెలుసు.

మర్జాన్ వంతు వచ్చింది. గట్టు పక్కన కొత్తాయన ఉన్నాడు. ఆయన చెయ్యి చూపించలేదు, అలా మాట్లాడుకున్నారు. కంచెకి ఏడో స్తంభానికి ఎవరో ఎర్ర దారం కట్టారు. ఎవరో ఏమిటి, మర్జానే; తన పెట్టెలో దారపు ఉండ తరిగిపోయి ఉండటం కలీమా తర్వాత చూసింది. మర్జాన్ ఆ దారం దగ్గరకి వచ్చి ఆగింది. చెయ్యెత్తి గాలి చూసుకుంది. రెండు అడుగులు కిందికి దిగింది.

జారింది. లేచింది. ఒక మొగ్గ. రెండు.

పై నుంచి అరిచే గొంతు లేదు. కలీమాకి తెలియకుండానే తన నోట్లోంచి, "సాగూ!" అనే కేక వచ్చింది. పదకొండేళ్ళు రోబెర్ట్ నోట విన్న కేక అది. ఎప్పుడు అరవాలో ఆవిడకి ఏం తెలుసు? మూడో మొగ్గ తిరిగింది. స్కీలు కిందికి వచ్చాయి. రెమ్మల మధ్య, ఆ చాపంత మేరలో దిగాయి. మంచు నడుము దాకా లేచింది. మర్జాన్ ముందుకు ఊగింది, ఒక చెయ్యి నేలకి తగిలింది, మళ్ళీ నిలబడింది. జారుకుంటూ కంచె దాకా వచ్చి ఆగింది. రెండు కాళ్ళ మీద.

చెయ్యి తగిలినందుకు మార్కులు పోయాయి. ఏడో స్థానం. జట్టులో ఉండటానికి అది సరిపోయింది.

"నువ్వు తప్పు సమయంలో అరిచావు," అంది మర్జాన్ కంచె దగ్గర, హెల్మెట్ తీస్తూ. కళ్ళు నీళ్ళు, ముక్కు నీళ్ళు. "ఆయనైతే అర క్షణం ముందు అరిచేవాడు."

"వినబడిందా?"

"అక్తావు దాకా వినబడి ఉంటుంది."

ఇంటికి వెళ్ళాక మర్జాన్ గుమ్మం పైన మేకు మీంచి తన సంచి దించుకుంది. జనవరిలో కొరికిన రొట్టె. టీలో ముంచి, ముఖం చిట్లించుకుంటూ, చివరి ముక్క దాకా తింది. తిన్నాక ఎర్ర దారం కట్టిన సంచి వైపు చూసింది.

"దాన్నేం చేస్తాం ఆజే?"

"ఏం చేయం. ఉంటుంది."

అది ఇప్పటికీ అక్కడే ఉంది. రోబెర్ట్ ఖెగాయ్ తిరిగి రాలేదు. ఫిబ్రవరి పదిహేడున ఈ గుమ్మంలో రొట్టె కొరికి వెళ్ళాడు. మార్చి తొమ్మిదిన, శనివారం పొద్దున, స్విస్ కొండ మీద, గట్టు పక్కన నిలబడి పిల్లలకి చెయ్యి చూపిస్తూ పోయాడు.